ముందు బండి పెంచలయ్య

మా తోడల్లుడు పెంచలయ్య కాలధర్మం చెందాడు. జువ్వలదిన్నె రేవు నుంచి బిట్రగుంట మీదుగా పడమటి పల్లెలకు పాతికేళ్ళ పైచిలుకు మోటారుసైకిలు మీద చేపలు మోసిన మనిషి ఆయన. సముద్రంలో వేట నిషేధం ఉన్న రోజుల్లో, బండి పందిట్లో నిలిపి ఉండగా, ఇంటి అరుగు మీద టీ తాగుతూ "ఎదలో పట్టేసినట్టుండాదే" అని భార్యతో చెప్పి గోడకు చేరగిలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఫోను చేసింది మా వదిన, అంటే ఆయన భార్య, నా భార్యకు అక్క. ఆమె చెప్పింది నాకు వినబడింది గాని బుర్రకెక్కలేదు. "ఎవరు వదినా?" అని రెండుసార్లు అడిగాను. ముందురోజు సాయంత్రమే నాతో వాదించి, గెలిచి, గెలిచినందుకు మళ్ళీ నన్నే టీ ఇప్పించమన్న మనిషి లేడంటే ఎలా నమ్మడం?

వార్త తెలిసిన ప్రతివాడూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "పంది గుద్దిందా?" మొదట నాకు ఒళ్ళు మండింది. దుఃఖంలో ఉన్నవాణ్ణి అడిగే ప్రశ్నేనా ఇది? తరువాత ఆలోచిస్తే వాళ్ళ తప్పేమీ లేదనిపించింది. ఆయన పేరు చెబితే ఆ రోడ్డు, ఆ రోడ్డు పేరు చెబితే అడవిపందులూ నక్కలూ మా ప్రాంతంలో ఎవరికైనా గుర్తుకు రాక మానవు. ఏ జంతువూ ఆయన్ని చంపలేదు. గుండె ఆగి పోయాడు. ఇది అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక కూడా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గతించినవారిని మృదుభాషి, అజాతశత్రువు అని కీర్తించడం ఇటువంటి వ్యాసాల ఆచారం. పెంచలయ్య మృదుభాషి కాడు. రేవులో ఆయన మాట్లాడితే పడవల్లో వలలు దులుపుతున్నవాళ్ళు తలలెత్తి చూసేవాళ్ళు. అజాతశత్రువు అసలే కాడు. ఐసు దగ్గర, తూకం దగ్గర, పెళ్ళిభోజనాల దగ్గర, ఎక్కడ దొరికితే అక్కడ తగాదా పెట్టుకున్నవాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అన్నిటికన్నా పెద్ద జబ్బు, తన బండి అందరి బండ్లకన్నా ముందుండాలి. చేపల బేరంలో "ముందు కూతేసినోడిదే ఊరు" అనేవాడు. అది నిజమే. వీధిలో మొదటి కేకకే తట్టలు పట్టుకుని బయటికొచ్చిన ఆడవాళ్ళు రెండో కేకకు రారు.

ఆ దారి తెలియనివారి కోసం ఒక్క మాట. రేవు దాటితే రెండు పక్కలా రొయ్యల గుంటలు, ఆ తరువాత సరుగుడు తోటలు, ఆపైన వేరుసెనగ చేలు, వరి మళ్ళు. పగటిపూట సాధువైన రోడ్డు. తెలతెలవారే వేళ మాత్రం దాని మీద మనకు పూర్తి హక్కు లేదు. అడవిపందులు రాత్రంతా చేలల్లో మేసి తోటల్లోకి తిరిగిపోయే వేళ అదే, చేపల బండ్లు రేవు విడిచే వేళా అదే. ఆయన చేపలతో పడమటికి వచ్చేవాడు. బిట్రగుంటలో కాపురముండి జువ్వలదిన్నె పక్క బడిలో తెలుగు చెప్పే నేను, ఆయన పిలుపులో అయివారిని, పదో తరగతివాళ్ళ పొద్దుటి తరగతుల కోసం తూర్పుకు పోయేవాణ్ణి. మా బంధుత్వం సగానికి సగం ఆ రోడ్డు మీదే నడిచింది.

నక్కతోక తొక్కాడని అదృష్టవంతుణ్ణి అంటాం. నిజంగా తొక్కినవాణ్ణి మాత్రం నేను ఈయన్నొక్కణ్ణే చూశాను. పొద్దున్నే నక్క ఎదురైతే ఆ రోజు బేరం బాగుంటుందని చేపలవాళ్ళ నమ్మకం. అందుకని నక్క కనబడితే బండి ఆపరు సరికదా, దాని మొహం చూద్దామని అటువైపే పోనిస్తారు. పెంచలయ్య అలాగే పోనిచ్చి, దాని తోక మీదికి చక్రమెక్కించి, కంపచెట్లలో పడ్డాడు. నక్క కుయ్యిమని ఎగిరిపడి, అంతలోనే తోకనొప్పి మరిచిపోయి, రోడ్డు మీద చెదిరిన చేపల్లోంచి మంచి వంజరాన్ని నోట కరుచుకుని తోటలో దూరింది. నేను ఆయన వీపున ముళ్ళు తీస్తుంటే అన్నాడు, "తోక తొక్కితే అదురుష్టం అంటారే, నిజమే అయివారా. కాకపోతే ఆ అదురుష్టం నక్కది."

అంతవరకు ఆయనకు జంతువులంటే వినోదమే. ఆ వినోదం ఒక చలికాలపు ఉదయంతో ముగిసింది.

ఆ ఉదయం సరుగుడు తోటల మలుపులో ఒక ఆడపంది పెంచలయ్య బండి ముందునుంచి దాటింది. ఆయన బ్రేకు వేశాడు. అది దాటగానే గేరు మార్చి వెళ్ళిపోయాడు, ముందు కూత వెయ్యాలి కదా. ఆ పంది వెనక దాని పిల్లలున్నాయి, పిల్లల వెనక ఇంకో పెద్ద పంది ఉంది. పెంచలయ్య వెనకే వస్తున్న సొంత తమ్ముడు చెంగయ్య దాన్ని నేరుగా గుద్దుకున్నాడు. తుంటి ఎముక విరిగింది. పెళ్ళయి ఏడాది తిరగని పిల్లవాడు, దూకుడులో అన్నను మించినవాడు, నెలల తరబడి మంచాన పడ్డాడు.

పెంచలయ్య పందుల మీద పగబట్టాడు. చేపల బండ్లవాళ్ళందరూ రేవులో కూడి, తోట గట్టు వెంబడి కరెంటు తీగ లాగుదామని తీర్మానించారు. అది నేరమనీ, పంది కన్నా ముందు మనిషి చస్తాడనీ నేను అడ్డం పడ్డాను. "నువ్వు పంది పక్క వకాల్తా పుచ్చుకోని వచ్చినావా?" అని నా మీద ఎగిరాడు. తీగ ఎక్కడ కట్టాలో నాకు కూడా చూపిస్తానని, మర్నాడు తెల్లవారకముందే చేపల పెట్టెతో సహా బయలుదేరి, నన్ను ఆ మలుపు దగ్గరికి రమ్మన్నాడు. ఇద్దరం బండ్లు ఆపి, దీపాలు ఆర్పి, రోడ్డు పక్కన నిలబడ్డాం. కాసేపటికి తోటలోంచి ఒక పంది వచ్చింది. అది రోడ్డు దాటలేదు. మూతి తారుకు ఆనించి, రోడ్డు నడిమిన ఉన్న సన్నటి తడిచారను నాకుకుంటూ మా వైపే నడిచి వచ్చింది. పెంచలయ్య దగ్గితే బెదిరి పారిపోయింది.

ఆ తడి సంగతి చెప్పాలి. పెట్టెలో ఐసు కరిగిన నీళ్ళు నిలిస్తే చేప మెత్తబడుతుంది, మెత్తబడిన చేపను ఎవరూ కొనరు. అందుకని పెట్టె అడుగున బొక్క పెడతారు. బండి పోతూ ఉంటే నీచునీళ్ళు దారిపొడుగునా సన్నగా కారుతుంటాయి. సైకిళ్ళ కాలం నుంచీ అదే పద్ధతి, ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. మలుపులో బండి వాలినప్పుడు పెట్టెలో నీళ్ళు ఒక పక్కకు చేరి భళుక్కున ఎక్కువ పడతాయి. రోజూ, అన్ని బండ్లవీ, ఆ మలుపులోనే.

పెంచలయ్య వంగి తన పెట్టె కిందికి చూశాడు. చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"అవి వాటంతట రాలా అయివారా," అన్నాడు. "మనమే పిలస్తా ఉండాం."

ఆ రోజు పడమటి పల్లెలకు పోలేదు. తిన్నగా ఇంటికి పోయి తమ్ముడి మంచం పక్కన కూర్చున్నాడు. నేనూ వెంట ఉన్నాను. ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాడు. "ఒరే చెంగా, ఆ పందిని రోడ్డు మీదికి తెచ్చింది మన నీళ్ళురా. నీ ముందర పోయింది నేను, నా పెట్టె నీళ్ళు కూడా అందులో ఉండాయి. మొదటిది దాటినాక నిలబడి నిన్ను ఆపాల. నేను నిలబడలా. రెండూ నా తప్పులే."

చెంగయ్య గోడవైపు చూస్తూ, "నా పెట్టెకు మాత్రం బొక్క లేదా అన్నా? ఆ నీళ్ళు అందరివీ," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "నువ్వు నిలబడి ఉంటే బాగుండు."

మొదటి తప్పును తమ్ముడు క్షమించాడు. రెండోదాన్ని క్షమించలేదు. ఆ రెండో మాట పెంచలయ్యను చచ్చేదాకా వదిలిపెట్టలేదని నేను గట్టిగా చెప్పగలను.

ఆయన పెట్టె బొక్కకు ప్లాస్టిక్ పైపు తగిలించి, పైపు కొసను ఒక నూనె డబ్బాలోకి దింపి బండికి కట్టుకున్నాడు. నీళ్ళు డబ్బాలో పడతాయి, బిట్రగుంట చేరేముందు రోడ్డుకు దూరంగా తవ్విన గుంటలో పారబోయాలి. తక్కినవాళ్ళు నవ్వారు. "డబ్బాలు కట్టుకోని ఊరేగాల్నా మేము?" అన్నారు. ఆయన బతిమాలలేదు, అది ఆయనకు రాదు. రేవు మొగదల బండి అడ్డం పెట్టి, డబ్బా లేని బండిని కదలనిచ్చేవాడు కాదు. తిట్లు తిన్నాడు, తిట్టాడు, ఒకసారి చొక్కా చింపించుకున్నాడు. ఆయన తగాదాకోరుతనం లోకానికి పనికొచ్చింది ఆ ఒక్కసారే అయినా, బాగా పనికొచ్చింది. కొన్నాళ్ళకు అందరి బండ్లకూ డబ్బాలు వేలాడాయి. కరెంటు తీగ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పందులు దాటడం మానలేదు, వాటి దారి వాటిది. కాని రోడ్డు మధ్య నిలబడి నాకడం మాత్రం మానుకున్నాయి.

నిలబడడం అప్పుడే మొదలైంది. పంది గాని, నక్క గాని, నెమలి గాని, ఏది దాటినా ముందున్న పెంచలయ్య బండిని రోడ్డుకు అడ్డంగా నిలిపేవాడు. దిగి తోటలోకి తొంగిచూసేవాడు. వెనక ఇంకేమీ లేవని తేలాకే చెయ్యెత్తి అందరినీ రమ్మనేవాడు. ఎదురుగా వచ్చే నేను కూడా ఆ చెయ్యి లేచేదాకా కదలకూడదు. "ఒకటి దాటితే అయిపోయినట్టు గాదు. దాని ఎనకాల ఎవురుండారో కనుక్కో," అనేవాడు. ఒక ఉడుము రోడ్డు మధ్యకు వచ్చి, ఎండ బాగుందనుకుందో ఏమో, అక్కడే బైఠాయించింది. అది లేచేదాకా ఎవరినీ పోనివ్వలేదు. ఆయన పనిమీద పోతున్నాడో, పందులకు గేటుమ్యాన్ ఉద్యోగం చేస్తున్నాడో తెలియడం లేదని బిట్రగుంటవాళ్ళు వేళాకోళం చేశారు. ఈలోగా కావలి వైపు నుంచి వచ్చే బండ్లు ముందే కూతవేసి ఆయన ఊళ్ళు కొన్ని లాక్కున్నాయి. ఊరు పోతే ప్రాణం పోయినట్టు గింజుకునే మనిషి, ఊళ్ళు పోగొట్టుకుని కూడా నిలబడ్డాడు.

నన్ను ఆయన ఆటపట్టించడం మాత్రం మానలేదు. ఒకసారి రోడ్డుకు అడ్డంగా జెర్రిపోతు పడుకుని ఉంటే, నేను రెండు కాళ్ళూ ఎత్తి పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని, బండితో సహా రొయ్యల గుంట కాలవలో దిగాను. ఎదురొస్తున్న పెంచలయ్య బండి నిలిపి, ముందు పాము పోయిన వైపు పరీక్షగా చూసి, ఆ తరువాత నా దగ్గరికి వచ్చాడు. "పాము బాగానే ఉండాది. ఇంక నువ్వు లెయ్యి," అన్నాడు. ఆ కథ మా బడిలో పిల్లలదాకా పాకించింది కూడా ఆయనే.

చెంగయ్య లేచి తిరిగాడు. కుంటి నడక మిగిలింది. మళ్ళీ బండి ఎక్కాడు గాని, వరసలో ఆఖరున, అందరి దుమ్మూ తింటూ మెల్లగా వచ్చేవాడు. అన్నతో మాటలు మామూలుగానే ఉండేవి. అన్న బండిని దాటి మాత్రం ఒక్కనాడూ రాలేదు. అది భయమో, కోపమో నాకు తెలియదు, అడగలేదు. పెంచలయ్య అద్దంలో వెనక్కి చూసుకుంటూ నడిపేవాడు. ఒకనాడు నాతో అన్నాడు, "వాడు ఒక్కతూరి నా బండి దాటుకోని పోతే చాలు అయివారా. ఇంక నేను ఈ ముందు పోయేది మానుకుంటా." ముందుండడం కోసం పుట్టిన మనిషి ఆ మాట అన్నాడు. ఆ కోరిక తీరకుండానే పోయాడు.

వేట నిషేధం ముగిసింది. పడవలు చేపలతో తిరిగొచ్చిన మొదటి ఉదయం, బడిలో పొద్దుటి తరగతులు ఇంకా మొదలుకాకపోయినా, నేను పెందలాడే బయలుదేరాను. ఇంట్లో ఉండలేకపోయాను. సరుగుడు తోటల మలుపు దగ్గర పందులు దాటుతున్నాయి. నేను ఆగాను. అటుపక్క చేపల బండ్ల దీపాలు వరసగా ఆగాయి. తల్లి దాటింది, పిల్లలు దాటాయి, రోడ్డు ఖాళీ అయింది. ఇటు నేను కదల్లేదు, అటు వాళ్ళూ కదల్లేదు. ఇంజన్లు మోగుతున్నాయి, అందరం చెయ్యెత్తేవాడి కోసం చూస్తున్నాం. అక్కడ చెయ్యెత్తేవాడు లేడు. పెంచలయ్య చనిపోయాడని, శవాన్ని మోసిన నాకు, పూర్తిగా తెలిసింది అప్పుడే.

వరస చివరినుంచి ఒక బండి, ఒక్కొక్కరినీ దాటుకుంటూ మెల్లగా ముందుకొచ్చింది. చెంగయ్య. బండిని రోడ్డుకు అడ్డంగా నిలిపి, కుంటుతూ దిగి, తోట అంచుదాకా పోయి తొంగిచూశాడు. ఇటు తిరిగినప్పుడు మొహమంతా కన్నీళ్ళు. "ఎనక ఇంకేం లేవన్నా, పదండి," అని చెయ్యెత్తాడు. బండి ఎక్కి అందరికన్నా ముందు కదిలాడు.

నాకు వాడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఈ పని వేట ఆగకముందు, రెండు నెలల కిందట చేసి ఉంటే నీ సొమ్మేం పోయేదిరా అని అరవాలనిపించింది. అరవలేదు. వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది, అదీ చెయ్యలేదు. చేపల బండి ఆగదు కదా. నా పక్కనుంచి పోతూ తల వంచి నమస్కారం పెట్టాడు. పెట్టవలసింది నాకు కాదు. అందుకోవలసినవాడు లేడు గనక, ఆ నమస్కారాన్ని నా నమస్కారంతో కలిపి ఇక్కడ అప్పగిస్తున్నాను. అన్నా, నీ తమ్ముడు ముందు పోతున్నాడు.