తువ్వాల కింది పట్టకారు

ఆ రోజుల్లో మా బద్వేలు వైపు పల్లెల్లో రహస్యం దాచడం కంటే ఎద్దును అటక మీద దాచడం సులువు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వీధి చివరిదాకా తెలిసేది. అలాంటి చోట, మీసాలు ఇంకా సరిగా రాని వయసులో, నేనొక కొత్త వస్తువు కనిపెట్టి ఎవరి కంటా పడకుండా అమ్మి పేరు తెచ్చుకోవాలనుకున్నాను. ఎవరి కంటా అంటే ముఖ్యంగా మా బావ కంట. (మేనమామ కొడుకు. ఊరంతా మీసాలాయన అనేవారు.) సేద్యంలో, చెడుగుడులో, చివరికి పెళ్లిళ్లలో వడ్డించడంలో కూడా అందరూ ఆయన్నే మెచ్చుకునేవారు. నాకు కడుపు మండిపోయేది. పైగా ఆయన చెల్లెలి మీద నాకు మనసు. పిల్లనివ్వమని మా అమ్మ అడిగితే, ముందు నన్ను సొంతంగా ఏదైనా ఒక పని చేసి చూపించమన్నాడట మామ. 'మా వాని మాదిరి' అని కూడా అన్నాడట. ఆ ఒక్క మాటకు నాకు అన్నం సయించలేదు.

వేరుశనగ కాయలు మిల్లులో ఆడిస్తే పప్పు బద్దలవుతుంది, విత్తనానికి పనికిరాదు. అందుకే వానలకు ముందు ఇంటింటా చేత్తోనే ఒలిచేవారు. అందరి బొటనవేళ్లూ వాచి గుడ్డపీలికలు చుట్టుకొని ఉండేవి. నేనొక వెదురుబద్దను నిప్పు సెగకు వంచి పట్టకారు చేశాను. కాయ ముక్కును మధ్యలో పెట్టి నొక్కితే టప్పున విచ్చుకునేది, పప్పుకు గీత కూడా పడేది కాదు. చిక్కల్లా ఒక్కటే, ఒకసారి చూసినవాడెవడైనా ఇంటికెళ్లి చేసుకోగలడు. అప్పటి రాజధాని కర్నూలుకు వెళ్లినప్పుడు ఒక వకీలు గుమాస్తాను అడిగాను. సర్కారులో నా పేరున నమోదు చేయించుకోవచ్చని, దానికి బొమ్మ గీసి, ఎలా చేయాలో వివరంగా రాసివ్వాలని చెప్పాడు. దాచుకునే దారి అడిగితే చూపించమంటాడేమిటి, బావ తరఫు మనిషి కాదు కదా అని అనుమానపడి వచ్చేశాను. అటక మీద కూర్చొని పట్టకార్లు చేసేవాణ్ణి. నా వేలు వాయకపోతే బావ పసిగడతాడని, బాగున్న వేలికే గుడ్డ చుట్టుకొని తిరిగాను. (మా అవ్వ జాలిపడి దానికి రోజూ పసుపు పెట్టేది.)

బద్వేలు సంతకు గోనెసంచి నిండా పట్టకార్లు తీసుకుపోయాను. ఒళ్లో తువ్వాల పరిచి, చేతులు దాని కింద పెట్టి, కాయలు లోపలికి తోస్తూ పప్పులు బయటికి తీస్తూ కూర్చున్నాను. జనం మూగారు. గారడీ అనుకొని చప్పట్లు కొట్టారు. వేలికి గుడ్డ చుట్టుకున్న ఒక ముసలమ్మ వంగి చూసింది.

"ఏందప్పా, లోపల ఎలకను పెట్టుకోనుండావా?"

కాదవ్వా, కొత్త వస్తువు, కొనుక్కొని ఇంటికి పోయాక విప్పి చూసుకోమన్నాను. ఆమె కాసేపు ఆలోచించి తువ్వాల అంచు నలిపి చూసింది.

"సరేలే. తువ్వాల ఎంతకిస్తావు?"

పొద్దు వాలుతున్నా ఒక్కటీ అమ్ముడుపోలేదు. అప్పుడు గుంపులోంచి మీసాలు కనిపించాయి, ఎప్పట్నుంచి చూస్తున్నాడో. బావ నా పక్కన చతికిలబడి, తువ్వాల ఎత్తి, పట్టకారు తీసి ఒక కాయ నొక్కాడు. ఇంకోటి నొక్కాడు.

"శానా బాగుండాదబ్బీ. దీన్ని దాచిపెడితే ఎట్లా?"

దాన్ని ముసలమ్మ చేతిలో పెట్టి నొక్కమన్నాడు. ఇక సంచి ఖాళీ అయ్యేదాకా ఆయనే అమ్మాడు. నా ఆలోచన దొంగిలించి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి. అడిగినవాళ్లందరికీ, తాను కాదని, మేనత్త కొడుకు చేశాడని నన్నే చూపించాడు. వాళ్లు ఒకసారి నావైపు చూసి, మళ్లీ ఆయన మీసాలకేసి తిరిగారు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి సంతకు నేను మరో సంచి మోసుకుపోయేసరికి ఎవరి పట్టకారు వాళ్లే చేసుకున్నారు. దానికి పేరు కూడా పెట్టేశారు, మీసాలాయన పట్టకారు అని. అది కనిపెట్టింది నేనేనని మామకు చెప్పి ఒప్పించింది కూడా బావే. పిల్లనిచ్చారు. ఆ పెళ్లిలోనూ వడ్డన బాగుందని అందరూ బావనే మెచ్చుకున్నారు.

ఇన్నేళ్లయింది. మొన్న చట్నీకి కాయలు ఒలవబోతూ మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది.

"మా అన్న పట్టకారు యాడ పెట్టినారు?"

మళ్లీ అదే మంట, అదే చోట. లేచి వెతికి, తువ్వాల కప్పి తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె తువ్వాల అంచు నలిపి చూసి, ఎంతకిస్తారని అడిగింది. ఆ ముసలమ్మ సంగతి నేను ఏనాడూ ఆమెకు చెప్పలేదు. బావే చెప్పి ఉండాలి. ఆయన చెప్పాడంటే నాకంటే బాగానే చెప్పి ఉంటాడని నవ్వుకున్నాను.