మా ఆయన చేతికి కత్తెర ఎవరిస్తారు?

మా ఆయనంత నిజం మాట్లాడే మనిషిని నేను చూడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే అంటారు. మా తమ్ముడు మోజుపడి కొనుక్కున్న చొక్కా తొడుక్కొచ్చి "ఎలా ఉంది బావా?" అని అడిగితే, "భుజం జారింది, వెనక్కిచ్చెయ్" అని మొహం మీదే చెప్పేశారు. అంతటి సత్యసంధుడు ఒకే ఒక్క అబద్ధాన్ని ఏళ్ళ తరబడి పట్టుకుని వేళ్ళాడారు. చివరికి ఆ ఒక్కటే మా పీకల మీదికి తెచ్చింది.

ఈయన పని ఓ పెద్ద టైలరు షాపులో. కోట్లకి పేరుపడ్డ షాపు. ముందు గదిలో అద్దాలు, సోఫా, ఓనరుగారు. ఓ పరదా. ఆ పరదా వెనక పొడవాటి బల్ల, సుద్దముక్కలు, కత్తెర, మా ఆయన. కస్టమరు వస్తే పరదా తొలగించుకుని బయటికొచ్చి కొలతలు తీసేదీ ఈయనే. ఓనరుగారు మాత్రం రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుని, దొరలా నిలబడి, "భుజం ఇంకాస్త లోపలికి తియ్యి" అని చెబుతుండేవారు. తర్వాత బట్ట పరదా వెనక్కి వెళ్ళేది, కోటై బయటికొచ్చేది. ఓనరుగారి చెయ్యి పడితే కోటు ఒంటికి అతికినట్టుంటుందని అందరూ చెప్పుకునేవారు.

పడింది ఎవరి చెయ్యో నాకు తెలుసు. మొదట్లో ఓనరుగారే కట్ చేసేవారట. ఈయనకి కత్తెర పట్టడం నేర్పిందీ ఆయనేనట. పోను పోను పనంతా ఈయన నెత్తిన పడింది, పేరు మాత్రం ముందు గదిలోనే ఉండిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా "నీకెందుకే ఇవన్నీ" అని అటు తిరిగి పడుకునేవారు.

ఆ షాపు మూతపడింది. ఓనరుగారికి వయసైపోయింది, ఇక నడపలేనని షట్టరు దించేశారు. మా ఆయన టేపు మెళ్ళో వేసుకుని ఇంటికొచ్చి కూర్చున్నారు.

మగవాడు ఇంట్లో కూర్చుంటే ఆ ఇల్లాలి తిప్పలు పగవాడిక్కూడా వద్దు. దిండు గలీబుల కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టారు. కిటికీ తెరలు ఓ పక్క వేలెడు పొడుగున్నాయని కత్తిరించి, తర్వాత రెండో పక్క పొడుగైందని అదీ కత్తిరించి, ఎదురింటివాళ్ళకి మా వంటిల్లు కనబడేదాకా తెచ్చారు. నవ్వుకునేదాన్ని గానీ లోపల బెంగగానే ఉండేది. అన్నం తింటూ తింటూ ఆగిపోయి, ఎడమచేత్తో బల్ల అంచు తడుముతుండేవారు. కుడిచెయ్యి ఎంగిలిదైనా సరే, రెండు వేళ్ళు కత్తెరలా కదిలేవి. ఇల్లు ఎలాగో గడుస్తుంది. ఈ మనిషి ఇలా ఎండిపోతుంటే చూడ్డం నావల్ల కాలేదు.

ఊళ్ళో టైలరు షాపులకేం కొదవ? వెళ్ళారు. వచ్చారు.

"ఏమన్నారండీ?"

"చెప్పి పంపిస్తామన్నారు."

చెప్పి పంపిస్తామంటే ఇక రావద్దని అర్థం, ఆ మాత్రం నాకూ తెలుసు. రెండో షాపూ చెప్పి పంపిస్తామంది, మూడోదీ అంతే. గడ్డం చూసి వద్దన్నారేమోనని దగ్గరుండి గీయించాను. చొక్కా ఇస్త్రీ చేశాను. తెల్ల వెంట్రుకలకి రంగేద్దామంటే "నా జుట్టుతో కట్ చేస్తానా" అని కసిరారు.

అప్పుడు మా తమ్ముణ్ణి పిలిచాను. వాడు పనిచేసే ఆఫీసులో జనాన్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పని వాడిదే. వచ్చి, కాలు మీద కాలేసుకుని, ఉపన్యాసం మొదలెట్టాడు.

"చూడు బావా, సగం మంది పోయేది ఇక్కడే. తలొంచుకుని మాట్లాడతారు. నువ్వు వాళ్ళ కళ్ళల్లోకి చూడాలి. నీలో లోపమేంటని అడిగితే తడుముకోకూడదు, ఏదో ఒకటి చెప్పి దాన్నే గొప్పగా తిప్పాలి. పాత ఓనర్ని తిట్టకూడదు."

"తిట్టను," అన్నారు ఈయన. ఆ ఒక్క ముక్కే బుర్రకెక్కిందనుకుంటాను.

నాలుగో షాపులో కళ్ళల్లోకి చూశారు. రెప్ప వెయ్యకుండా చూశారట. ఆ షాపాయన కాసేపు ఓర్చుకుని, "ఏంటయ్యా, నా కంట్లో ఏమైనా పడిందా?" అని అడిగాడట. అయిదో షాపులో లోపమేంటని అడిగితే "మధ్యాహ్నం తిన్నాక కునుకొస్తుందండీ" అని చెప్పారట, తిప్పడం మర్చిపోయారట. మా తమ్ముడు తల పట్టుకున్నాడు. "అక్కా, బావని ఇంటర్వ్యూ చేసేవాళ్ళకే జీతం పెంచాలి," అన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు ఈయన కాస్త తేలిగ్గా ఇంటికొచ్చారు.

"ఒకచోట రమ్మన్నారే. సోమవారం నుంచి. గుండీలు కుట్టడానికీ, కాజాలకీ."

నా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. "గుండీలా? కోట్లు కోసిన చేత్తోనా?"

"పని పనేగా. మాట ఇంకా ఇవ్వలేదులే. రేపు ఇంకో షాపుంది, కొత్తది. అది కూడా చూసి, కాదంటే ఇందులో చేరిపోతాను."

ఆ 'పని పనేగా' అన్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ముందు కోపమొస్తుంది.

"రేపు నేనూ వస్తున్నాను."

"పెళ్ళాన్ని వెంటేసుకుని ఇంటర్వ్యూకి ఎవరైనా వెళతారటే?"

"మీతో ఎవరొస్తున్నారు? నా జాకెట్టు చేతులు బిగుతయ్యాయి, వదులు చేయించుకోవాలి."

"నేను కట్ చేసిన జాకెట్టు ఇంకొకరి చేతికిస్తావా!" అని ఆ రాత్రంతా మూతి ముడుచుకున్నారు.

కొత్త షాపు నడిపేది ఒకావిడ. నలభై దాటి ఉండవు. మెళ్ళో టేపు, నోట్లో గుండుసూది. పరదా గిరదా ఏమీ లేదు, కటింగు బల్ల షాపు నడిమధ్యనే ఉంది. పక్కన మిషన్ల మీద ఇద్దరమ్మాయిలు కుడుతున్నారు. నేను ఎవరో కస్టమర్లా బెంచీ మీద కూర్చున్నాను.

ఏ షాపులో చేశారని ఆవిడ అడిగింది. ఈయన చెప్పగానే సూది నోట్లోంచి తీసేసింది.

"ఆ షాపా! మా నాన్నగారి కోటు అక్కడిదే. రెండు మూడేళ్ళే అయింది. అలా కూర్చున్న భుజం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అది ఎవరు కట్ చేశారు?"

నక్క తోక తొక్కొచ్చామనుకున్నాను. బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాను.

మా ఆయన గొంతు సవరించుకుని, "మా ఓనరుగారేనండి," అన్నారు.

"మరి మీరు?"

"పక్కనుండేవాణ్ణండి. బట్ట పట్టుకునేవాణ్ణి."

ఆవిడ మొహంలో వెలుగు ఆరిపోయింది. "తప్పుగా అనుకోకండి. ఇక్కడికొచ్చేది కస్టమర్ల బట్ట. పక్కన నిలబడి చూసిన మనిషి చేతికి కత్తెర ఎలా ఇవ్వమంటారు? కాజాల పని ఏదైనా ఉంటే చెప్పి పంపిస్తాను."

ఓరి దేవుడో! గడ్డమూ కాదు, వయసూ కాదు, కునుకూ కాదు. అన్ని షాపుల్లోనూ ఈయన ఇదే చెప్పుకుంటూ వచ్చారన్నమాట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమండీ!" అని లేచాను.

"ఈవిడెవరు?" అంది ఆవిడ.

"మా... మా ఆవిడండి."

"నేనెవరో తర్వాత చూద్దాం. ఈ జాకెట్టు ఎవరు కట్ చేశారో చెప్పండి," అని బల్ల ముందుకెళ్ళి వీపు తిప్పి నిలబడ్డాను.

"ఇప్పుడవన్నీ ఎందుకే..."

"ఎందుకో చెబుతా. ఇది కూడా మీ ఓనరుగారే కోశారా? నా కొలతలు కూడా ఆయనే తీసుకున్నారా?"

మిషన్లు రెండూ టక్కున ఆగిపోయాయి. ఒకమ్మాయి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. మా ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి.

"ఛ ఛ, ఏం మాటలే అవి! నేనే."

"గట్టిగా."

"నేనే కట్ చేశానండి. ఇంట్లో. ఇంట్లోవి నావేనండి."

ఆవిడ దగ్గరికొచ్చింది. నా భుజం మీద కుట్టు వేలితో తడిమింది. చెయ్యి ఎత్తమని, చంక కింద చూసింది. దింపమని, మళ్ళీ భుజం చూసింది. ఈయన వైపు చూసింది. బీరువాలోంచి ఓ నీలం బట్ట తీసి బల్ల మీద పరిచింది.

"ఇది కస్టమరుది కాదు, నాదే. పాడైనా నాకే. కట్ చెయ్యండి."

కత్తెర చేతిలో పడగానే మా ఆయన నడుము నిటారైంది. సుద్దతో గీత గీశారు. కత్తెర బట్టలోకి దిగి ఒక్క చోట కూడా ఆగకుండా వెళ్ళింది. నాకు కళ్ళు మసకబారాయి. సోమవారం ఎక్కడికెళ్ళాలో ఇక అడగక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చేదాకా దారంతా దులిపేశాను. "నేనే అని నోరు తెరిచి చెప్పడానికి మీకేం రోగమండీ?"

"మాటిచ్చానే. షాపులో కోసినవన్నీ ఆయనవేనని."

"ఎందుకని?"

"అది కూడా చెప్పనని మాటిచ్చాను."

"నాక్కూడానా?"

"ముఖ్యంగా నీకు."

ఆ ఓనరుగారు ఎప్పుడైనా ఎదురుపడితే కడిగి పారెయ్యాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అనాల్సిన మాటలు అంట్లు తోముతూ ఒక్కొక్కటే పోగేసుకున్నాను. "మీరు జేబుల్లో చేతులు పెట్టుకుని సంపాదించిన పేరుకి మా ఆయన గుండీలు కుట్టుకోవాల్సొచ్చింది" అన్నది వాటిలో మొదటిది.

వానాకాలం వెళ్ళాక ఒక మధ్యాహ్నం నేను అన్నం బాక్సు తీసుకుని షాపుకెళ్ళేసరికి ఓనరుగారు అక్కడున్నారు. మనిషి సగమైపోయారు. ఒంటి మీది కోటు వేలాడుతోంది, దాన్ని బిగించుకోవడానికి వచ్చారట. షాపులో ఇద్దరు కస్టమర్లున్నారు. ఇంకా మంచిది, నలుగురిలోనూ అడగొచ్చు. బాక్సు కింద పెట్టి కొంగు దోపుకున్నాను.

"కోటు ఒకసారి విప్పండి సార్," అంది షాపావిడ.

ఓనరుగారు జేబుల్లోంచి చేతులు తీశారు. ఆ చేతులు వణుకుతున్నాయి. అలా ఇలా కాదు. గుండీ దగ్గరికి వేళ్ళు వెళతాయి, దొరకదు. మళ్ళీ వెళతాయి, జారిపోతాయి. గబుక్కున జేబుల్లో పెట్టేసుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశారు.

మా ఆయన బల్ల చుట్టూ తిరిగి ఎంత వేగంగా వచ్చారో! కస్టమర్లకి వీపు అడ్డం పెట్టి నిలబడి, "వానలు తగ్గాయి కదండీ ఓనరుగారూ" అని ఏదో మాట్లాడుతూనే, ఒక్కొక్క గుండీ తనే విప్పేశారు. కోటు తీసి, దుమ్ము దులిపి, షాపావిడకి అందించారు.

"మా ఓనరుగారి కటింగండి. భుజం చూడండి ఎలా ఉందో."

ఆవిడ భుజం చూసింది. తలెత్తి నా జాకెట్టు భుజం చూసింది. తర్వాత నా మొహం చూసింది. ఓనరుగారు కూడా నావైపే చూస్తున్నారు. ఈ గయ్యాళి ఇప్పుడేమంటుందోనన్న భయం ఆ కళ్ళల్లో నాకు కనబడింది. నెలల తరబడి పోగేసుకున్న మాటల్లో ఒక్కటీ నా నోటికి రాలేదు.

కుర్చీ ఒకటి లాగి ఆయన వెనక వేశాను.

"అవునమ్మా," అన్నాను షాపావిడతో, కస్టమర్లిద్దరికీ వినబడేలా. "ఓనరుగారి చెయ్యి పడిందంటే అంతే మరి. కూర్చోండి బాబుగారూ."