ఉడుంపట్టును వంచిన అగ్గిపుల్ల

బస్సుల షెడ్డులో ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినిపించేది కాదు. అందరికీ ఆయన ఉడుంపట్టు. ఎవరు పెట్టారో గానీ పేరు మాత్రం ఊరికే రాలేదు. చక్రాల నట్లు తుప్పుపట్టి బిగుసుకుపోతే తక్కిన మెకానిక్కులు పానాకు ఇనప గొట్టం తొడిగి ఇద్దరేసి వేలాడేవాళ్ళు. ఆయన వచ్చి వాళ్ళను పక్కకు జరగమని, పానా పట్టుకుని ఒక్కసారి ‘హుఁ’ అనేవాడు. నట్టు కదిలేది. ఒకసారి బస్సు తలుపు ఇరుక్కుపోయి లోపల జనం గగ్గోలు పెడుతుంటే, ఆ తలుపును ఒంటిచేత్తో లాగి తెరిచినవాడు ఆయనే. తనిఖీకి వచ్చిన పెద్ద అధికారులు ఆయనతో చెయ్యి కలిపాక వేళ్ళు లెక్క చూసుకునేవారు. భోజనాల బల్ల మీద మోచేతులు ఆనించి చెయ్యి వంచే పందెంలో ఆయన్ను గెలిచిన మగాడు లేడు. పక్క షెడ్డులవాళ్ళు పనిగట్టుకుని వచ్చి, ఓడి, టీ తాగి వెళ్ళేవాళ్ళు.

ఇవన్నీ ఆయనే చెప్పేవాడు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ. కోతలు కావు, జరిగినవే.

అలాంటి ఉడుంపట్టు చెయ్యి ఉద్యోగం ఆఖరి రోజున అగ్గిపుల్ల చేతిలో వాలిపోయింది.

అగ్గిపుల్ల అంటే ఆయన బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఫొటోలకు చట్రాలు కట్టే దుకాణం నడుపుతాడు. గాలి వీస్తే స్తంభం పట్టుకు నిలబడాల్సిన మనిషి. ఆ రోజు బావను స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్దామని షెడ్డుకు వచ్చాడు. దండ వేశారు, గడియారం ఇచ్చారు. ఆపైన అందరూ ఒకటే గోల.

“మేస్త్రీ, పోయేముందు ఒక్క పట్టు చూపించాలి!”

ఉడుంపట్టు చుట్టూ చూశాడు. షెడ్డులో కండలున్న చేతులు చాలానే ఉన్నాయి.

“మీతో ఏముందిరా, రోజూ ఉండే భాగోతమే. మా బావమరిది ఎన్నడూ పట్టలేదు. వాణ్ణి కూర్చోపెట్టండి,” అన్నాడు.

షెడ్డు షెడ్డంతా గొల్లున నవ్వింది.

“బావా, నా చెయ్యితో నాకు పనుంది. రేపు అద్దాలు కొయ్యాలి,” అని అగ్గిపుల్ల బతిమాలాడు.

“వాడుకుని ఇచ్చేస్తాలే, కూర్చో!”

పట్టు బిగిసింది. అగ్గిపుల్ల కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టాడు. బావ మణికట్టులో ఎక్కడో ‘టిక్’ మంది. ఉడుంపట్టు చెయ్యి బల్ల మీద పడిపోయింది. మరుక్షణం అగ్గిపుల్లను భుజాల మీదకెత్తి షెడ్డంతా తిప్పారు. ఉడుంపట్టు కూడా నవ్వాడు. ఆయన నుదుటి మీద పట్టిన చెమటను ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికి వెళ్ళేసరికి మణికట్టు బూరెలా పొంగింది. భార్య కాపడం పెట్టింది, పట్టీ కట్టింది, మందుల షాపువాడిచ్చిన బిళ్ళలు మింగించింది. తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. “గెలవాలని మెలితిప్పాడు వెధవ!” నెల దాటినా వాపు తగ్గలేదు. చివరికి పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. సూది గుచ్చి ఎముకలోంచి కాస్త పదార్థం పరీక్షకు పంపారు. తర్వాత ఛాతీకి కూడా స్కానింగ్ చేశారు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఇద్దరినీ కూర్చోపెట్టి ఎక్స్‌రే చూపించింది. మణికట్టు ఎముకల్లో చెద తిన్నట్టు బొక్కలు, ఒకచోట విరిగిన గీత. క్యాన్సర్ పుట్టింది ఊపిరితిత్తిలో. అక్కణ్ణుంచి చేతి ఎముకలకు పాకింది. దగ్గు లేదు, ఆయాసం లేదు, ముందుగా బయటపడింది ఇక్కడే.

“చేతి ఎముకలకు పాకడం చాలా అరుదండీ. వెయ్యి మందిలో ఒక్కరికి వస్తుందేమో.”

“వెయ్యి మందిలో ఒక్కడికా?” అని ఉడుంపట్టు తలెత్తి కూర్చున్నాడు, పతకం ఇస్తామన్నట్టు. భార్య చూసిన చూపుకు మళ్ళీ తల దించాడు.

పూర్తిగా నయమయ్యే దశ దాటిపోయిందనీ, కిరణాల చికిత్సతో చేతి నొప్పి తగ్గించవచ్చనీ, మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చనీ డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నిదానంగా విన్నాడు. భార్య మాత్రం ఒకటే ప్రశ్న అడిగింది.

“విరిగినచోట పుట్టిందా అమ్మా?”

“దెబ్బ వల్ల క్యాన్సర్ రాదమ్మా. ముందే లోపల తినేసింది కాబట్టి కాస్త ఒత్తిడికే ఎముక చిట్లింది.”

ఆవిడ తలూపింది గానీ నమ్మలేదు. ఇంటికొస్తూ ఆటోలో తేల్చేసింది. “ఆవిడకేం తెలుసు? ఆ రోజుదాకా ఈ చేతికి నలతన్నది లేదు. వాడు విరిచాడు, విరిగినచోట రోగం దూరింది.” ఫోను తీసి తమ్ముడికి చెప్పింది: “ఇంక నా గడప తొక్కకు.”

ఉడుంపట్టు ఆటోలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. ఆ చేతికి ఎప్పటినుంచి నలతగా ఉందో ఈ లోకంలో ఒక్కడికే తెలుసు, ఆ ఒక్కడూ నోరు మెదపలేదు.

కిరణాల చికిత్స మొదలుపెట్టిన రోజు భార్య చీటీలిచ్చే కిటికీ దగ్గర వరుసలో నిలబడి ఉండగా, వరండా చివర తేలు కుట్టిన దొంగలా నక్కి ఉన్న బావమరిది కంటపడ్డాడు. ఉడుంపట్టే లేచి వెళ్ళాడు.

“బావా, నీ చెయ్యి నేనే విరిచాను,” అన్నాడు వాడు గోడవైపు చూస్తూ.

“నీ మొహం. పెన్సిలు విరవడానికే నీకు రెండు చేతులు కావాలి.”

“మరి ఎలా పడింది? నువ్వు కావాలనే వదిలేశావనుకున్నా. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను, మా బావ నలుగురిలో నన్ను గెలిపించాడని.”

బావమరిదిని గెలిపించాడన్న ఆ పేరు ఉడుంపట్టు అలాగే ఉంచుకోవచ్చు. కాదనేవాడు లేడు. పైగా మంచి పేరు. కానీ తన గొప్పల్లో చెయ్యని పని ఒక్కటీ లేదు, ఈ వయసులో ఒకటి చేర్చడానికి మనసొప్పలేదు.

“నేనెవడికీ వదల్లేదురా. నీకూ వదల్లేదు. పళ్ళు బిగపట్టే పట్టాను.”

“మరి?”

“అప్పటికే చాన్నాళ్ళుగా సలుపుతోంది. పానా ఎడంచేతికి మార్చుకున్నాను. ఆ రోజు గట్టివాడి చేతిలో పడితే పరువు పోతుందని, అందరిలోకీ బక్కవాణ్ణి ఏరుకున్నాను.”

అగ్గిపుల్ల గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. “ఓరి నీ! నా మీద ప్రేమ కాదన్నమాట.”

“కాదు.”

“అక్కకు చెప్పు బావా. నువ్వు చెబితే తప్ప నమ్మదు.”

“చెబితే ఏమంటుందో తెలుసా?”

“నన్ను తిడుతున్నది నిన్ను తిడుతుంది. నాకు కాస్త విశ్రాంతి.”

ఆ సాయంత్రం వంటగదిలో భార్య ఆయన చేతికున్న పట్టీ విప్పి గోరువెచ్చని గుడ్డతో తుడుస్తోంది. ఆయన చెప్పాడు. చుట్టు తిప్పలేదు.

ఆవిడ చెయ్యి ఆగింది. “ఎప్పటినుంచి?”

“స్నానాలగది కొళాయి కారుతోందని గోల పెట్టావే, అప్పటినుంచి.”

“ఆ రోజు ప్లంబరును పిలిచారు! ఉడుంపట్టుకు ప్లంబరెందుకని నేనడిగితే, వాడికీ పని ఉండాలి కదా అన్నారు.”

“ఆఁ.”

గుడ్డ గిన్నెలో వేసి, పిండి, మళ్ళీ వేసింది. అప్పుడంది: “షెడ్డులో సరే. నాతో కూడా పందెమేనా?”

ఆవిడ చెయ్యి తుడవడం పూర్తిచేసి, పట్టీ కట్టి, ముడి సరిచూసింది. తర్వాత ఫోను తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. “ఒరేయ్, పొద్దున్నే రా. ఆటోలో కుదుపులకు ఈయన పళ్ళు నూరుతున్నారు. ఎవరిదైనా కారు అడుగు,” అంటోంది. క్షమాపణలాంటిదేమీ వినపడలేదు. వాళ్ళ వంశంలో అది లేదు.

మర్నాడు కారు వచ్చింది. అక్క ముందు సీట్లో కూర్చుని తమ్ముడికి తిండి సరిగా తినట్లేదని తిట్లు, మలుపులు మెల్లగా తిప్పమని తిట్లు. వెనక సీట్లో ఉడుంపట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని హాయిగా వింటూ కూర్చున్నాడు.

ఆసుపత్రిలో చికిత్స చేసే అమ్మాయి కాగితం చూసుకుంటూ అడిగింది. “ఇవాళ నొప్పి ఎలా ఉంది సార్?”

“ఏముందమ్మా, ఏదో...” అనబోయి, ఆయన పక్కకు చూశాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

“ఉందమ్మా. బొటనవేలి కింద, ఇదిగో ఇక్కడ. రాత్రి నిద్రపట్టనివ్వలేదు.”

“రాసుకో తల్లీ,” అంది భార్య. “రెండోసారి అడిగితే చెప్పరు.”