మేత పడవలో కుదిరిన ధ్యానం

నా జబ్బు బయటపడడానికి చేపలు చచ్చిపోవాల్సొచ్చింది. ఒకటీ రెండూ కాదు, ముదినేపల్లి చెరువంతా తెల్లగా తేలింది.

చెరువు మా బావది. ఆయన అవనిగడ్డ పెళ్ళికెళ్తూ రెండు రోజులు నన్ను చూసుకోమన్నాడు. మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపలకు గాలి చాలదు. నీళ్ళు చిలికే ఏరేటర్లు వేయాలి. కాపలా పోతురాజు లేవబోతుంటే, ‘‘నువ్వెళ్ళి టీ తాగిరా, స్విచ్ నేను వేస్తాను’’ అన్నాను. స్విచ్‌కీ నాకూ మధ్య పది అడుగులు. దారిలో పాత రేడియో కనిపించింది. విప్పాను. బిగించేసరికి పొద్దెక్కింది, స్క్రూలు మూడు మిగిలాయి, చేపలు మిగల్లేదు.

బావ వచ్చి, ‘‘స్విచ్ వేయంది ఎవర్రా?’’ అన్నాడు.

‘‘పోతురాజు’’ అన్నాను.

పోతురాజు నా వైపు చూశాడు. ఆ పూటే పని పోయింది అతనికి.

అప్పటికే మా ఇంట్లో నేను పోగొట్టిన గొడుగులతో గుడివాడ మొత్తానికి నీడ పట్టొచ్చు. కానీ ఆ రోజు తర్వాత నేను అన్నం దగ్గర కూడా తలెత్తలేదు. అది చూసి మా ఆవిడ సరళ బందరులో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. థైరాయిడ్ టెస్ట్ నార్మల్. తర్వాత ప్రశ్నల ఫారం ఇచ్చారు. రెండో పేజీలో ఉండగా లేచి వాళ్ళ గోడ గడియారం సరిచేశాను. డాక్టరమ్మ మిగతా పేజీలు అడగలేదని నేను అందరికీ చెప్తుంటాను; నిజానికి ఆవిడ సరళనీ కూర్చోబెట్టి, నా చిన్నప్పటి నుంచీ పోతురాజు మీదికి నెట్టిన సంగతి దాకా అన్నీ చెప్పించి, అప్పుడు చెప్పారు: ‘‘అడల్ట్ ఏడీహెచ్‌డీ. మనసు ఒకచోట నిలవని జబ్బు.’’

నాకు ప్రాణం లేచొచ్చింది. ‘‘అయితే చేపల సంగతి జబ్బేనన్నమాట’’ అన్నాను.

‘‘స్విచ్ మరిచిపోవడంలో జబ్బు ఉందండీ. పోతురాజు పేరు చెప్పడంలో లేదు’’ అన్నారావిడ.

టాబ్లెట్‌తో పాటు మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం కూడా చేయమన్నారు. క్లాసులో చేరాను. కళ్ళు మూసుకుని శ్వాస చూడమన్నారు. మూడో శ్వాసకి ఫ్యాను కిర్రుమనడం వినిపించింది. ఐదో శ్వాసకి కుర్చీ ఎక్కి ఉన్నాను. నా మూలంగా పద్నాలుగు మంది మనశ్శాంతి పోయింది. డాక్టరమ్మ, ‘‘కూర్చోవడం మీకు పడకపోతే చేతులకి పనుండేది చూడండి’’ అన్నారు. అంట్లు తోమాను. వారానికి ఇంట్లో స్టీలు గ్లాసులే మిగిలాయి.

చివరికి, చేయాల్సిన మొదటి పని చేద్దామని పోతురాజును వెతుక్కుంటూ వెళ్ళాను. వేరే వాళ్ళ చెరువు మీద మేత కడుతున్నాడు.

‘‘నీతో మాట్లాడాలి.’’

‘‘మేత టైమండి. ఎక్కండి పడవ.’’

చెరువుకి అడ్డంగా తాడు. తాడు పట్టుకుని లాగితే పడవ కదులుతుంది. ఆగిన చోటల్లా తవుడు నింపిన చిల్లుల సంచి కట్టాలి. లాగడం, కట్టడం. నాలుగో సంచికి నా చూపు కొంగ మీదికి పోయింది.

‘‘ఆగారే? రేడియో కనపడిందా?’’ అన్నాడు పోతురాజు.

సిగ్గుతో తల వంచుకుని ముడి వేశాను.

‘‘చేతిలో సంచి చూడండి. అవతలిది దాని చోటే ఉంటది.’’

లాగాను, కట్టాను. తవుడు వాసన, అరచేతిలో తడి తాడు. వరస అయిపోయేదాకా నేనెక్కడికీ పోలేదు. నలభై తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

‘‘ఆ రోజు నీ పేరు చెప్పాను’’ అన్నాను.

‘‘నా ఎదురుగానే కదండి చెప్పారు.’’

‘‘బావకి నిజం చెప్తాను.’’

‘‘చెప్పండి. ముందు ఆ ముడి బిగించండి, జారిపోద్ది.’’

చెప్పాను. బావ ఆ పూట నాతో కలిసి అన్నం తినలేదు. పోతురాజుని వెనక్కి పిలిచాడు. అతను రానన్నాడు.

టాబ్లెట్ మానలేదు. వారానికి మూడు ఉదయాలు పోతురాజు పడవలో మేత కట్టడానికి వెళ్తున్నాను. మనసు ఇంకా పరిగెడుతుంది. చేతిలో సంచి దగ్గరికి తిరిగి తెచ్చుకుంటాను. కళ్ళు మూసుకుని కూర్చోలేకపోతే ధ్యానం మీకు రాదనుకోకండి. చేతులు కదిలే పని, ఎక్కడ అయిపోతుందో కంటికి కనిపించే పని ఒకటి పట్టుకోండి.

నేను కట్టిన ముడిని పోతురాజు ఇప్పటికీ ఒకసారి లాగి చూస్తాడు. నేను పడవ ఆపి, చూడనిస్తాను.