జెబెల్ జైస్ కొండ మీద తాతయ్య జింక

...అలా నిన్న స్వెట్టర్లు వెతుక్కోవడం దగ్గరే రాయడం ఆపేశాను. అసలు ఆ చలికొండకు ఎందుకు వెళ్ళామో చెప్పనేలేదు. తాతయ్య నిర్మల్ దగ్గరి పల్లె నుంచి విజిట్ వీసా మీద షార్జాలో మా ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో వేటకు వెళ్ళేవాడట. వేట నిషేధమయ్యాక తుపాకీ వదిలేశాడు కానీ, జింకల వెనక నడవడం మానలేదు. కిందటేడు గుండెకు స్టెంట్ వేశారు. డాక్టర్ బాగా నడవమన్నారు. నాన్న మాత్రం "ఇగ కొండలు గిండలు బంద్ బాపూ" అనేశాడు. అప్పట్నుంచి తాతయ్య బాల్కనీలో కూర్చుని పావురాల్ని చూస్తున్నాడు. వచ్చే వారం తిరుగు ప్రయాణం. "ఒక్కసారి బిడ్డా. నేనొక్కన్నే, జింకకు తెల్వకుండ దగ్గరికి పోయి ఫోటో తియ్యాలె. ఇంకా నాతోని అయితదో కాదో నాకు తెల్వాలె" అన్నాడు. నాకు ఎత్తులంటే భయం, నాన్నంటే ఇంకా భయం. అయినా సరేనన్నాను.

అమ్మా నాన్నా శనివారం సాయంత్రమే అబుదాబిలో మావయ్య ఇంటికి వెళ్ళారు. ఆదివారం పొద్దున ఐదింటికి మేం బయల్దేరాం. కారు నర్సన్నది. తాతయ్య ఊరివాడే, ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీలో పని చేస్తాడు. షార్జా నుంచి రస్ అల్ ఖైమా దాకా పెద్ద రోడ్డు, అక్కణ్ణుంచి జైస్ బోర్డులు చూసుకుంటూ పోవడమే. రెండు గంటల్లోపే చేరతారు. రస్ అల్ ఖైమా ఊళ్ళోంచి కొండకు బస్సు కూడా ఉంది కానీ, జింకలు తిరిగే వేళకు అది అందదు. కొండ కింద కెఫెటీరియాలో ముగ్గురికీ కరక్ చాయ్, పరాటాలు కలిపి పదిహేను దిర్హాములు. వంటాయన తాతయ్య శాలువా చూసి, "చాచా, ఊపర్ బహుత్ ఠండ్ హై. కహాఁ జా రహే?" అని, పైన బాగా చలి, ఎక్కడికెళ్తున్నారని అడిగాడు.

"జింకను పడ్తడట" అని నర్సన్న నవ్వి, అదే హిందీలో చెప్పాడు.

"అరే, షికార్ మమ్నూ!" అని ఆయన కంగారుపడ్డాడు. వేట నిషేధం అని అర్థం. తాతయ్య జేబులోంచి ఫోన్ తీసి చూపించి, "యే హమారా బందూఖ్" అన్నాడు, ఇదే మా తుపాకీ అని.

అందరూ ఫోటోలు దిగే చోటుకు మేం వెళ్ళలేదు. చాలా కిందనే, తుమ్మచెట్లున్న ఒక లోయ పక్కన నర్సన్న కారాపాడు. చలికి నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కాసేపు నడిచాక ఎదురు వాలులో జింక కనిపించింది. ఇసుక రంగు, సన్నటి కాళ్ళు. ఇంకో నాలుగడుగులు వేశామో లేదో, తలెత్తి ఒక్క దూకులో మాయమైంది. తాతయ్య నా వైపు తిరిగి గాలి పీల్చాడు.

"తలకేం పెట్టుకున్నవ్ బిడ్డా?"

"నిన్న తలస్నానం చేశాక అమ్మ సాంబ్రాణి వేసింది తాతా."

"గాలి మన దిక్కు నుంచి అటే కొడ్తుంది. హారతి తీసుకుందామని నిలబడ్తదా అది? నువ్వు ఈ బండ చాటుకే కూసో. లొల్లి చెయ్యకు."

చుట్టూ తిరిగి అవతల వైపు నుంచి వెళ్ళాడు. కాసేపటికి కనిపించకుండా పోయాడు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆ స్టెంట్, ఆ రాళ్ళు, నాన్నకు ఏం చెప్పాలి అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. "తాతా!" అని అరవాలనిపించి, స్వెట్టర్ చెయ్యి నోట్లో కుక్కుకున్నాను.

ఎండ వాలు మీదికి దిగేసరికి జింక మళ్ళీ వచ్చి మేస్తోంది. దాని వెనక ఒక గోధుమరంగు బండ. ఆ బండ కదిలింది! అది శాలువా కప్పుకున్న తాతయ్య. జింక తల దించితే ఇంత జరుగుతాడు, తల ఎత్తితే బండైపోతాడు. దించితే జరుగుతాడు, ఎత్తితే బండ. చివరికి వాళ్ళిద్దరి మధ్య మా హాలంత దూరమే మిగిలింది. అప్పుడు ఫోన్ ఎత్తాడు. జింక తిరిగి ఆయన్ని చూసింది. పరుగెత్తలేదు, తాపీగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. తాతయ్య రెండు చేతులూ పైకెత్తాడు. అప్పుడు అరిచాను చూడండి, లోయంతా మార్మోగింది! కింద నర్సన్న హారన్ మీద హారన్.

"మోకాళ్ళెట్లున్నయ్ కాకా?" అన్నాడు నర్సన్న, చేయందించి కారెక్కిస్తూ.

"వాటిని అడగలే. ఫోటో సంగతి మాత్రం మీ నాయనకు చెప్పకు బిడ్డా, చెప్తే ఖలాస్" అన్నాడు తాతయ్య నా వైపు తిరిగి.

నాకు ఇప్పటికీ ఎత్తులంటే భయమే. కానీ ఆ బండ చాటున నేను ఒక్కసారి అరిచి ఉంటే ఆ ఫోటో ఉండేది కాదు. అంత భయంలోనూ నోరు మూసుకుని కూర్చున్నాను కాబట్టి, ఆ జింకలో కొంచెం నాది కూడా. మీరు వెళ్తే ముందురోజు తలకు సాంబ్రాణి, బట్టలకు అత్తరు వద్దు. గాలి మీ ముఖానికి తగిలేలా నడవండి.

తలుపు కొడుతున్నారు. నాన్న. "సంధ్యా, తియ్ తలుపు! తాత ఫోన్‌లో ఈ జింకేంది?" అయిపోయాను. తాతయ్యే చూపించేసినట్టున్నాడు! వెనక ఆయన నవ్వు వినిపిస్తోంది. నాన్న గొంతు ఉన్నట్టుండి చిన్నపిల్లాడిలా మారిపోయింది: "బాపూ, ఇంత దగ్గరికి ఎట్ల పోయినవే?"

ఈ కాగితాలు దిండు కిందికి