పద్నాలుగేళ్ల నాటి బేరింగులు

ఆ లారీ షెడ్డు ముందుకొచ్చి ఆగేసరికి దాని వెనక రోడ్డు కనిపించలేదు. అంత నీలిపొగ. అప్పుడే రేకు తలుపు పైకెత్తుతున్న మేస్త్రమ్మ ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, ఆగి వాసన చూసింది. కాలుతున్నది డీజిలు కాదు, ఇంజన్ ఆయిలు. సిలిండర్లు అరిగి బోరుకొచ్చిన ఇంజన్ అని దించకుండానే తెలిసిపోయింది.

క్యాబిన్‌లోంచి దిగినవాణ్ని డ్రైవర్లంతా రేడియో అంటారు. పడుకుంటే తప్ప వాడి నోరు మూతపడదు. ఆ పూట మాత్రం ముక్తసరిగా మాట్లాడాడు.

"అక్కా, బోరు చేయించుకోనా, ఇంజనే మార్చేయనా? లారీ యార్డులో షాపువాళ్లు చూడకుండానే తీసి అవతల పారెయ్యమంటున్నారు. నాకున్నది ఈ ఒక్క బండి. నువ్వు ఎలా చెబితే అలా."

"ఎక్కడ కొన్నావు దీన్ని?"

"మూడేళ్ల కిందట, నవ్వులాయన దగ్గరే. పద్నాలుగేళ్ల కిందట పాత ఇంజన్ తీయించేసి కొత్తది వేయించానని చెప్పి మరీ అమ్మాడు."

మేస్త్రమ్మ చేతిలో తాళాలగుత్తి అలాగే ఉండిపోయింది. పద్నాలుగేళ్ల కిందట నవ్వులాయన ఇంజన్ మార్పించానని చెప్పుకున్న లారీ ఒక్కటే. ఆ లారీని, దాని ఇంజన్‌ను, దాని వెంట నడిచిన కథను ఆమె ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

నవ్వులాయన ముప్పై లారీల ఆసామి, యార్డు అంతా ఆయనదే. ఎదుటివాడి కొంప ముంచేటప్పుడు కూడా నవ్వుతూనే ఉంటాడు కాబట్టి ఆ పేరు. ఆ రోజుల్లో యార్డులో ఇంజన్ పనంతా మేస్త్రమ్మ తండ్రి చేతి మీదుగా నడిచేది. ఆయన్ని పెద్ద మేస్త్రి అనేవాళ్లు. ఆయన బోరు చేసిన ఇంజన్‌ను చెవి పెట్టి వినక్కర్లేదు, చెయ్యి పెడితే చాలనేవాళ్లు. ఆయన బాగుచేసిన లారీ ఒకటి పట్టుమని వారం తిరక్కుండానే ఘాట్‌లో ఆయిలు ప్రెషరు పడిపోయి ఆగిపోయింది. "పంపు చూడండి బాబూ, పంపు" అని ఆయన మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. నవ్వులాయన డ్రైవర్లందర్నీ పోగుచేసి, పెద్ద మేస్త్రి పాత బేరింగులేసి కొత్తవి నొక్కేశాడని చెప్పాడు. తప్పు ఒప్పుకుంటే నీ పనిముట్ల పెట్టె తిరిగి ఇస్తాను, లేకపోతే పోలీసులకు అప్పజెబుతానన్నాడు. పెద్ద మేస్త్రి చేతులు కట్టుకుని, అందరూ వినేట్టు, "తప్పయింది, పాతవే వేశాను" అన్నాడు. పక్కనే ఉన్న కూతురికి తల కొట్టేసినట్టయింది. నెల తిరక్కుండా ఆ షాపులోకి నవ్వులాయన బావమరిది దిగాడు.

ఆ తరవాత పెద్ద మేస్త్రి స్పానరు ముట్టుకోలేదు. ఊరి చివర కూతురు షెడ్డు పెట్టుకుంటే వెనక గదుల్లో వంట, ఇల్లు ఆయన చూసుకుంటున్నాడు. "నువ్వు వేసింది కొత్తవే కదా నాన్నా?" అని ఆమె అడిగినప్పుడల్లా కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేవాడు. దాంతో ఆమె కక్షలో ఒక ముల్లు మిగిలిపోయింది. నవ్వులాయన మీద ఎంత మంట ఉందో, తండ్రి మీద అంత అనుమానమూ ఉంది. ఒప్పుకున్నాడంటే ఎంతో కొంత నిజం ఉండకపోతుందా?

"దించి చూద్దాం," అంది రేడియోతో. "బోల్టులు నువ్వే ఊడదియ్యి. నేను ఒక్కదాన్నే విప్పానని రేపు ఎవడూ అనకూడదు."

రేడియోకు అర్థం కాలేదు కానీ చొక్కా విప్పి పనిలోకి దిగాడు. చైనుకప్పీతో ఇంజన్‌ను పైకిలేపి స్టాండుకు బిగించారు. ఆయిలు వంపితే తారులా జారింది, అందులో ఇనుప రజను మిలమిలలాడింది. హెడ్ లేపి సిలిండరు లోపలి లైనరు అంచు మీద గోరు గీస్తే గట్టు తగిలింది. ఇవన్నీ అరుగుదలలే, మార్చుకోదగ్గవే. ఆయిలు పంపు చూసి మేస్త్రమ్మ ఆగింది. అది తండ్రి ఎప్పుడూ వాడని కంపెనీది. అంటే యార్డువాళ్లు ఆ రోజు మార్చింది పంపు ఒక్కటే.

ఇంజన్‌ను తలకిందులు చేశారు. పిస్టన్ల దెబ్బలన్నీ మోసే క్రాంకు బయటపడింది. దాన్ని పట్టి ఉంచే ఇనుప మూతలు ఏడు. గుడ్డతో తుడవగానే ప్రతి మూత మీదా పంచితో కొట్టిన మూడు చుక్కలు కనిపించాయి. చిన్నప్పుడు ఆమె పలక మీద తండ్రి గీసి చూపించిన గుర్తు అది. బ్లాకు లోపలి గోడ మీద ఆ నెల, ఆ సంవత్సరం చెక్కి ఉన్నాయి. కొత్త ఇంజనూ లేదు, పాడూ లేదు.

"అక్కా, ఆ చుక్కలేంటి?"

"మూతలు తియ్యి."

మూతల్లో అర్ధచంద్రాల్లా ఒదిగి ఉన్న బేరింగు రేకులను ఆమె ఒక్కొక్కటే తీసి బోర్లించింది. కొత్తవో పాతవో వాటి వీపు మీద అచ్చు చెబుతుంది. మొదటిదాన్ని డీజిలులో కడిగి వెలుతురుకు పట్టుకుని చదివింది. తయారైన తేదీ, తండ్రి ఇంజన్ బిగించడానికి నలభై రోజుల ముందుది. రెండోదీ అంతే. పద్నాలుగు రేకులూ అంతే. దొంగతనం మోపిన ఆ బేరింగుల మీదే నవ్వులాయన పదకొండేళ్లు సంపాదించుకుని, ఆపైన కొత్త ఇంజనని చెప్పి అమ్ముకున్నాడు.

ఆమె ఏడవలేదు. ఒళ్లంతా నిప్పు ముట్టించినట్టయింది.

"బోరు చేద్దాం," అంది. "ఈ ఇంజనే మళ్లీ తిరగాలి. తీసుకెళ్లి వాడి గుమ్మం ముందు స్టార్టు చేస్తాను. వాడు ఆ చప్పుడు వింటూ కూర్చోవాలి."

అప్పుడే పెద్ద మేస్త్రి మధ్యాహ్నం భోజనం క్యారియరుతో వచ్చాడు. మూడు చుక్కలు చూశాడు. క్యారియరు నేలమీద పెట్టి, పద్నాలుగేళ్లలో మొదటిసారి ఇంజన్ మీద చెయ్యి వేశాడు. బ్లాకు అంతా వేళ్లతో తడుముతూ మూడో బేరింగు దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, కిరసనాయిలు ఇలా తే. సుద్దముక్క కూడా."

కిరసనాయిలు పూసి, కాసేపాగి తుడిచి, సుద్దపొడి రుద్దాడు. తెల్లటి పొడి మీద వెంట్రుకంత తడిగీత నెమ్మదిగా తేలింది. బ్లాకు పగిలింది.

"ఇది పోయింది. మార్చుకోమను."

"నీ ఇంజన్ నాన్నా!"

"నాదైతే? నాదని పగులు అతుక్కుంటుందా?"

"పగులును మెటలుతో కుట్టిద్దాం. ఒక్క నెల తిరిగినా చాలు నాకు."

"నీకు చాలు. ఇతనికి?" అని రేడియోను చూపించాడు. "లోడుతో దిగుడులో ఉన్నప్పుడు క్రాంకు ఊడి బయటికొస్తే నీ కక్షకు వీడి ప్రాణం సరిపోతుందా?"

ఆమెకు తండ్రి మీద ఇన్నేళ్ల కోపం ఒక్కసారి పొంగుకొచ్చింది. "ఎందుకు ఒప్పుకున్నావు మరి? కొత్తవే వేసి పాతవి వేశానని ఎందుకు చెప్పావు? నా ముందు ఎందుకు చేతులు కట్టుకున్నావు?"

పెద్ద మేస్త్రి మూలనున్న పనిముట్ల పెట్టె వంక చూశాడు. మూత సొట్టపోయి ఉంది. "అది చేతికి రాకపోతే నువ్వేం పెట్టి షెడ్డు తెరిచేదానివి? నాకు వయసైపోయింది. నీకు పని వచ్చు. పేరు నాది పోతే పోయింది, పెట్టె నీకు దక్కాలనుకున్నాను." అని క్యారియరు మూత తీశాడు. "రండి, చల్లారిపోతోంది."

ఆమె తినలేదు. సాయంత్రం దాకా ఆ బ్లాకు ముందే కూర్చుంది. సుద్దపొడి తుడిచేస్తే గీత ఎవరికీ కనిపించదు. రేడియో గుడ్డిగా నమ్ముతాడు. ఇంజన్ స్టార్టవుతుంది, నవ్వులాయన ముఖం మాడుతుంది. గుడ్డ రెండుసార్లు చేతిలోకి తీసుకుంది. చివరికి లేచి రేడియోను పిలిచి గీత మీద వాడి వేలే పెట్టించింది.

"మార్చుకో తమ్ముడూ. యార్డు షాపులో మాత్రం వద్దు. ప్రమాదంలో ముందుభాగం పోయిన బండి ఒకటి ఉంది, ఇంజన్ మంచిది. విప్పి, చూసి, నేనే బిగిస్తాను. నువ్వు నాకు ఒక్క సాయం చెయ్యాలి."

ఆమె ఏం చెప్పిందో విని రేడియో కళ్లు పెద్దవి చేశాడు. "ఈ మాట నేను చెప్పకుండా ఉండాలంటేనే కష్టం అక్కా!"

మర్నాడు మిట్టమధ్యాహ్నం, డ్రైవర్లంతా లోడు కోసం కూర్చునే వేళ, చిన్న సామాన్ల బండిలో ఆ బ్లాకు యార్డుకు చేరింది. మేస్త్రమ్మ పళ్లెంలో బేరింగు రేకులు, మూతలు వరసగా పేర్చుకుని దిగింది. సరిగ్గా తండ్రి నిలబడ్డ చోటే నిలబడింది. అప్పటికే రేడియో యార్డంతా ఊదరగొట్టి ఉన్నాడు, నలభై మంది చుట్టూ మూగారు. నవ్వులాయన ఆఫీసు గదిలోంచి నవ్వుతూనే వచ్చాడు.

"ఏమ్మా, తుక్కు అమ్మడానికొచ్చావా?"

"మీరు కొత్త ఇంజనని అమ్మింది తుక్కో కాదో వీళ్లనే చూడనివ్వండి." పళ్లెం చేతులు మారింది. రేకుల వీపు మీది తేదీని ఒకడు పైకి చదివాడు. బ్లాకు మీద చెక్కిన నెలను ఇంకొకడు చదివాడు. పాత డ్రైవరొకడు మూడు చుక్కల మీద వేలు పెట్టి, "ఇది పెద్ద మేస్త్రి గుర్తే" అన్నాడు.

"ఎక్కడ పోగుచేశావో ఎవరికి తెలుసు?" అన్నాడు నవ్వులాయన.

"నా బండిలోంచి!" రేడియో గొంతు యార్డు చివరి దాకా వినిపించింది. "బోల్టులు నా చేత్తో తీశాను. ఇంజన్ నంబరు బండి కాగితాల్లో ఉంది. నువ్వు నాకు అంటగట్టిన కొత్త ఇంజన్ ఇదే!"

వెనకనించి ఎవరో అన్నారు: "మరి నా ఇంజన్ కూడా మీ బావమరిదే పారెయ్యమన్నాడు. విప్పి చూపించమంటే చూపించలేదు." ఇంకొకడు, "నాదీ అంతే." మూడోవాడు. నాలుగోవాడు. బావమరిది షాపు రేకు తలుపు సగం దించి లోపలికి జారుకున్నాడు.

ఇంత మంది కదులుతారని ఆమె అనుకోలేదు. నవ్వులాయన ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. గుంపును ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పొరపాటయిందమ్మా. లోపలికి రా, మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు," అంది ఆమె. ఆమె మాటలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "మా నాన్న చెప్పినంత గట్టిగా చెప్పు."

"పొరపాటయింది."

"వినపడలేదు."

"ఆయన కొత్తవే వేశాడు! ఆయన తప్పేం లేదు!"

"ఇంకోసారి."

చెప్పాడు. ఆమె మరోసారి చెప్పించింది. పెద్ద వయసువాడు, చాల్లెమ్మా అని ఒకరిద్దరు గొణిగారు. ఆ రోజు మా నాన్న వయసెంతని ఆమె వాళ్ల వైపు తిరిగి అడిగితే వెనక్కి జరిగారు. చెమటలు తుడుచుకుంటున్న మనిషిని చూస్తుంటే జాలి కలగలేదు. ఇంకా కాసేపు నిలబెట్టాలనిపించింది, నిలబెట్టింది కూడా.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే పెద్ద మేస్త్రి కూరలో గరిట తిప్పుతూ విన్నాడు. "మూడుసార్లు చెప్పించావా?" అన్నాడు చివర్లో. "అయిదుసార్లు చెప్పించాల్సింది."

తండ్రి ఎప్పుడో మరిచిపోయాడనుకుంది ఆమె ఇన్నాళ్లూ.

రేడియో లారీకి వేరే ఇంజన్ బిగించడానికి తొమ్మిది రోజులు పట్టింది. వాల్వులు సరిచేసేటప్పుడు పెద్ద మేస్త్రి వచ్చి స్టూలు మీద కూర్చుని తప్పులు పట్టాడు, స్పానరు మాత్రం ముట్టుకోలేదు. రెండు నెలలకు బావమరిది షాపు మూతపడింది. యార్డు లారీలు ఒకటొకటిగా ఊరి చివరికి రావడం మొదలైంది.

వాటిలో నవ్వులాయన లారీ ఒకటి పొగ కక్కుతూ వచ్చి ఆగింది. డ్రైవరుకు మేస్త్రమ్మ మంచినీళ్లిచ్చింది, నీడలో కూర్చోబెట్టింది, ఇంకో మెకానిక్కు ఎక్కడున్నాడో దారి చెప్పింది. బానెట్టు మాత్రం ఎత్తలేదు.

అక్కడే ఉన్న రేడియో, "వాడు అంతమందిలో ఒప్పుకున్నాడు కదక్కా, ఇంకా ఎందుకు?" అన్నాడు.

"ఒప్పుకున్నాడు. క్షమించమని అడగలేదు. అడిగినా క్షమించను," అని ఆమె పక్క లారీ కిందికి దూరి, ఆయిలు సంపు బోల్టుకు పానా తగిలించింది.