పది రోజుల మారిషస్ పౌరుడు

ఇది చదివాక నేను ఎక్కడైనా కనిపిస్తే నవ్వండి, ఏమీ అనుకోను. కానీ "బోంజూర్" అని మాత్రం పలకరించకండి. ఆ మాట వింటే ఇప్పటికీ నేను రోడ్డు దాటి అవతలికి పోతాను. నల్గొండ జిల్లాలో పుట్టి, అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కి చదువుకుంటున్న నేను పది రోజులపాటు మారిషస్ దేశస్థుడిగా బతికాను. పాస్‌పోర్ట్ లేకుండా పోయాను, విమానం ఎక్కకుండా తిరిగొచ్చాను. మధ్యలో పరువొక్కటే పోయింది.

అసలు తప్పు నాది కాదు, జిరాక్స్ సెంటర్‌ది. పోయినసారి రాసిన గ్రూప్స్ పరీక్షలో "తెలంగాణ పల్లెల్లో మొహర్రం" గురించి రాయమన్నారు. ఆ సెంటర్లో నేను కొన్న నోట్సులో ఆ పేజీ లేదు. లేని పేజీని ఎక్కడినుంచి తెచ్చి రాస్తాను? రెండు గీతలు కొట్టి వదిలేశాను. ఉద్యోగం కూడా నన్ను అట్లాగే వదిలేసింది. "ఇదే ఆఖరుసారి. ఈసారి కూడ తప్పినవంటే ఊరికొచ్చి బర్లను చూస్కో" అని నాన్న ఫోన్లో తేల్చేశాడు. మా బర్రెలకు నేనంటే పడదు. అందుకని ఈసారి ఎట్లాగైనా పాసవ్వాలి.

అప్పుడే చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర చాయ్ అమ్మే యాదన్న చెవిలో ఊదాడు.

"నారాయణగూడల నస్రీన్ మేడం అని ఉన్నదటరా శ్రీశైలం. దక్కన్ చరిత్ర, ఇస్లాం ఆమె చెప్పినట్టు ఎవ్వరు చెప్పరట. పది రోజులే క్లాసులు."

"మరి పోతనే!"

"ఏడికి పోతవ్? బయటి దేశాలోళ్ళకే చెప్తదట."

పోయి బతిమాలుకుందామనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను, నమ్మండి. కానీ యూనివర్సిటీ వాళ్ళు ఆ తరగతులు పెట్టిన పాత బంగ్లా గేటు దగ్గర ఒక గుమాస్తా రిజిస్టర్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది ఫారిన్ స్టూడెంట్లకు తమ్మీ. నీదే దేశం?"

ఆ పొద్దున నేను దేశాలు, రాజధానులు బట్టీ కొట్టి వచ్చాను. నోట్లో ఏది పైనుంటే అదే జారింది. "మారిషస్."

"పేరు?"

"శ్రీశై..." అని మింగేసి, "సిరిల్ సలేమ్" అన్నాను.

అతను నా కాళ్ళవైపు చూశాడు. "మారిషస్ల కూడ హవాయి చెప్పులేనా?"

"హవాయి మా పక్కనే సార్."

రెండూ వేర్వేరు సముద్రాల్లో ఉన్నాయని నాకు తెలుసు. ఆ బిట్టు కూడా చదివాను. నోరు విననప్పుడు చదువేం చేస్తుంది? అయినా అతను రాసుకున్నాడు. "పాస్‌పోర్ట్ కాపీ తర్వాతియ్యి. లోపల అటెండెన్స్ షీట్ మీద రోజూ సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ సంతకాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

లోపల పదిహేనుమంది ఉన్నారు. నా పక్కన సెనెగల్ రాజధాని డకార్ నుంచి వచ్చిన అవా అనే అమ్మాయి. మారిషస్ అనగానే ఆమె ముఖం వెలిగిపోయింది. "బోంజూర్!" అని మొదలుపెట్టి గడగడా ఫ్రెంచిలో మాట్లాడేసింది. మారిషస్‌లో ఫ్రెంచి మాట్లాడతారన్న ముక్క నా జిరాక్సులో లేదు. మళ్ళీ జిరాక్సే.

"మా ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడం" అన్నాను ఇంగ్లిష్‌లో.

"అయ్యో, ఎందుకు?"

"మా నాన్నకు కోపం."

పాపం, ఆమె దాన్ని వలసపాలన మీద కోపం అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజంతా నన్ను స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకులా చూసింది.

నస్రీన్ మేడం అరవై దాటిన మనిషి. పాఠం ఇంగ్లిష్‌లో చెప్పేది, విసుగొస్తే ఉర్దూలోకి, నవ్వొస్తే తెలుగులోకి దిగేది. మారిషస్‌లో తెలుగువాళ్ళున్నారని ఆమెకు తెలుసు. "తెలుగొస్తదా బాబు?" అని అడిగింది.

హాస్టల్ తెలుగు మాట్లాడితే దొరికిపోతానని తెలివిగా ఆలోచించి లేచి నిలబడ్డాను. "అవును మహోదయా. నేను స్వల్పముగా మాట్లాడగలను. నా స్వగృహమునందు తెలుగు కలదు."

మేడం చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది. "మంచిగ నేర్పిండ్రు" అంది.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? మరీ ఎక్కువ తెలిసినట్టు కనిపిస్తే అనుమానమొస్తుందని, ఏది అడిగినా తప్పు చెప్పడం మొదలుపెట్టాను. చార్మినార్‌కు ఎన్ని మినార్లంటే వేళ్ళమీద లెక్కపెట్టి "మూడా?" అన్నాను. రోజులు గడిచేకొద్దీ అవా గోల్కొండ సుల్తానుల పేర్లు వరసగా చెప్పేది. నేను "గోల్‌కోండా" అంటే ఆ సెనెగల్ పిల్ల నా ఉచ్చారణ దిద్దేది. "గో-ల్కొం-డ. మళ్ళీ అను" అనేది. అనేవాణ్ణి. ఏం చేస్తాను! నల్గొండ కుర్రాడికి కొండ అనడం డకార్ అమ్మాయి నేర్పింది.

ఆరో రోజు మేడం అందరినీ నడిపించుకుంటూ చిక్కడపల్లి లైబ్రరీ చూపించడానికి బయల్దేరింది. అక్కడ నన్నెరగనివాళ్ళు లేరు. ముఖానికి దస్తీ కట్టుకుని, తల వంచుకుని, గుంపు మధ్యలో నడిచాను. లైబ్రరీ చూడటం అయ్యాక మేడం అంది: "ఇక్కడ చాయ్ బాగుంటది. అందరు తాగుండ్రి." ఊరంతటిలో ఆమెకు యాదన్న బండే దొరికింది.

"ఏంరా శ్రీశైలం, దస్తీ కట్టినవేంది? జొరమొచ్చిందా?"

"సారీ, నువ్వెవరో నాకు తెలియదు" అన్నాను ఇంగ్లిష్‌లో.

యాదన్న గిన్నె దించేశాడు. "మేడం, జర చూడుండ్రి. మొన్నటిదాక నా బల్లమీదనే కూసుని చదివిన పోరడు. ఇయ్యాల ఇంగ్లిష్‌ల తిడుతుండు!"

"ఈయన సిరిల్. మారిషస్" అని అవా, ఆ తెలుగు అర్థం కాకపోయినా, నా తరఫున చెప్పింది.

"మా దేశంలో నావంటి ముఖములు అనేకం కలవు" అన్నాను మేడంతో. మేడం మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆమె అద్దాలకు అంత దుమ్ము ఎక్కడిదా అని అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఇక పదోరోజు. ఒక్కొక్కరూ లేచి ఒక విషయం చెప్పాలి. అవా మొహర్రం ఎంచుకుంది. నేను నోట్సు తెరిచి పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాను. నాకు కావలసిన పేజీ ఇదే, దీనికోసమే ఇంత నాటకం.

అవా చక్కగానే మొదలుపెట్టింది. వెదురు కర్రలకు లోహపు గుర్తులు బిగించి, రంగు గుడ్డలు కట్టి ఊరేగిస్తారనీ, వాటిని పల్లెల్లో పీర్లంటారనీ చెప్పింది. ఆ తర్వాత, "ముస్లింలు వాటిని మోస్తారు, మిగతావాళ్ళు దూరంగా నిలబడి చూస్తారు" అంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో దేవుడికే తెలియాలి.

"దూరంగ నిలబడుడేంది? ఎవలు చెప్పిండ్రు నీకు? మా ఊర్ల పెద్ద పీరు ఎత్తేదే మా తాత! నుదుట బొట్టు పెట్టుకొనే ఎత్తేటోడు. మా నాయనమ్మ ఉపాసముండి రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తది. ఇంటింటికి గుమ్మం కాడ బిందెతో నీళ్ళు పట్టుకుని నిలబడ్తరు, పీరు ఎత్తినోళ్ళ కాళ్ళు కడగనీకి. మా ఊర్ల తురకోళ్ళ ఇండ్లు రెండే ఉన్నయ్. తక్కిన ఊరంత కలిసి ఎత్తకపోతే పీరు లేస్తదా? మా తాత కాలం చేసినంక పీరు మా ఇంటి ముందటికొచ్చి ఆగింది. ఊరోళ్ళంత ఏడ్సిండ్రు..."

అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. అవా నోరు తెరిచి చూస్తోంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఇది ఫ్రెంచి కాదని మాత్రం అర్థమైంది.

నస్రీన్ మేడం నెమ్మదిగా అడిగింది. "మారిషస్ల ఏ జిల్లా బాబు మీది?"

"నల్గొండ మేడం."

ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అటెండెన్స్ షీట్ తెచ్చి నా ముందు పెట్టింది. సిరిల్ సలేమ్ అనే పేరుకు ఎదురుగా, పది రోజులూ, గుండ్రటి తెలుగు అక్షరాల్లో పొడుగ్గా: శ్రీశైలం. దేశం మార్చాను, పేరు మార్చాను, భాష పాడుచేసుకున్నాను. సంతకం సంగతి మరిచిపోయాను.

"మొదటిరోజే చూసిన్న. ఎప్పుడు నోరు తెరుస్తవో చూద్దామని ఊకున్న" అంది మేడం.

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. జిరాక్సులో పేజీ లేదన్న సంగతి, నాన్న అన్న మాట, పరీక్షలో కొట్టిన రెండు గీతల సంగతి, అన్నీ చెప్పేశాను. ఆమె నవ్వడం ఆపేసింది.

"ఏ ప్రశ్నకు గీతలు కొట్టినవ్?"

"మొహర్రం మేడం."

"ఇప్పుడు చెప్పినవ్ చూడు, దానికా?"

నేను తలూపాను. మా తాత మోసిన పీరంత బరువుగా అనిపించింది నా తల. సిలబస్‌లో మా తాత ఉంటాడని నాకెవరూ చెప్పలేదు. నేనైనా వెతకలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు నేను కూడా ఆశగా చేయి చాపాను. మేడం షీట్ చూసి పెదవి విరిచింది. "నీకెట్లియ్యాలె? సిరిల్ సలేమ్ ఒక్కరోజు సంతకం పెట్టలే. శ్రీశైలమేమో అసలు చేరనే లేదు."

"మరి ఇంక రావద్దా మేడం?"

"వచ్చే వారం కొత్త బ్యాచి మొదలైతది. రా. స్టూడెంట్‌గ కాదు, పాఠంగ రా."

పోయాను. కొత్త విదేశీయుల ముందు నిలబడి మా తాత గురించి చెప్పాను, మేడం ఇంగ్లిష్‌లోకి మార్చింది. తన బ్యాచి అయిపోయినా అవా వచ్చి మొదటి వరసలో కూర్చుని నోట్సు రాసుకుంది. అది జిరాక్స్ తీయించి నాకే ఒక కాపీ ఇచ్చింది.

కాబట్టి చదువరులారా, మా తాత ఎత్తిన పీరు సాక్షిగా, యాదన్న పోసే చాయ్ సాక్షిగా ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను: ఇకపై ఈ జన్మలో దేశం మార్చను. ఒకవేళ ఖర్మకాలి మార్చినా, ముందు సంతకం మార్చుకుంటాను.